ఆప్షన్లు ఇయ్యండి సార్

ఆన్‌లైన్‌లో పాఠం చెప్పేవాళ్లకు "అర్థమైందా?" అన్నది ఊతపదం. అడిగి రెండు క్షణాలు ఆగుతాం. చాట్‌లో నలుగురు "ఎస్ సార్" అని కొడతారు, వాళ్లను చూసి ఇంకో పదిమంది కొడతారు. మనం తరవాతి స్లైడుకు వెళ్లిపోతాం. ఖమ్మంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బీకాం పిల్లలకు అకౌంట్స్ చెప్పే నేను 2020-21లో చాలాభాగం ఈ "ఎస్ సార్" మీదే బండి నడిపాను. ఆ పిల్లలకు నేను చేసిందంతా నష్టమేనని అనను. లాభం ఫలానా అని మాత్రం ఏ పద్దులోనూ చూపించలేను.

ఆ ఏడాది సంగతి అందరికీ తెలిసిందే. మార్చిలో మూతపడ్డ కాలేజీలు తెరుచుకోలేదు. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాయి. బడిపిల్లలకు టీశాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లు ఉన్నాయి. మాకు గూగుల్ మీట్, వాట్సాప్ గ్రూపు, ఆపైన ఎవరి తిప్పలు వాళ్లవి. నేను మాత్రం హుషారుగానే దిగాను. రింగ్ లైటు కొన్నాను, ట్రైపాడ్ కొన్నాను, పడగ్గది గోడకు తెల్లబోర్డు బిగించాను. "సినిమా ఏమన్నా తీస్తున్నారా?" అంది మా ఆవిడ. దోషాల సవరణ అనే ఒక్క పాఠానికే డెబ్భై స్లైడ్లు చేశాను. డెబిట్ ఎడమనుంచి ఎగురుకుంటూ వస్తుంది, క్రెడిట్ కుడినుంచి. యాభై నిమిషాలు ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడి, రికార్డింగు గ్రూపులో పడేసి, ఇంత బాగా చెప్పేవాడు జిల్లాలో ఉండడనుకుని పడుకునేవాణ్ణి.

ఆ యాభై నిమిషాలూ పిల్లలకు పనేమీ లేదన్న ఆలోచనే నాకు రాలేదు. పని నాది, చూడటం వాళ్లది. మామూలు క్లాసులో నేనెప్పుడూ అలా చెప్పలేదు. బోర్డు మీద ఒక లెక్క వేసి, ఇంకోటి వాళ్లను చెయ్యమని, బెంచీల మధ్య తిరిగేవాణ్ణి. "ఏంట్రా ఇది, అమ్మినవాడి పేరు డెబిట్‌లో రాశావు?" అని ఒకడి నోటుబుక్కు మీద వేలు పెట్టి చూపేవాణ్ణి. వాడు చేసిన తప్పే ఇంకో నలుగురి పుస్తకాల్లోనూ కనపడితే బోర్డు దగ్గరికి వెనక్కి వెళ్లేవాణ్ణి. ఎవరికి ఏం వచ్చిందో, ఎవరికి రాలేదో నాకు తెలిసేది ఆ తిరుగుడులోనే. పాతికేళ్లు తిరిగినా అదొక పరీక్ష అని నాకు స్ఫురించలేదు. స్లిప్ టెస్టునీ సెమిస్టర్ పేపర్నీ మాత్రమే పరీక్షలనుకున్నాను. ఆన్‌లైన్‌కు వచ్చేటప్పుడు పాఠాన్నీ, స్లిప్ టెస్టునీ వెంట తెచ్చుకుని, ఆ తిరగడాన్ని ఖాళీ క్లాసురూములోనే వదిలేశాను.

వీడియోల విషయంలో కూడా నా నమ్మకం గాల్లో కట్టుకున్నదే. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదిక కోర్సుల్లో 69 లక్షల వీడియో వీక్షణలను లెక్కగట్టి 2014లో ఫిలిప్ గువో అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఒక సంగతి తేల్చారు. వీడియో ఎంత పొడవున్నా మామూలుగా ఒక విద్యార్థి దాన్ని చూసేది ఆరు నిమిషాలకు మించడం లేదట. సొంతంగా కోరుకుని చేరిన కోర్సుల్లో చూసేవాళ్ల సంగతి అది. మా పిల్లలేమో రోజుకు ఒకటిన్నర జీబీ డేటాతో, చాలా ఇళ్లల్లో అన్నాచెల్లెళ్లిద్దరికీ ఒకటే ఫోనుతో, మధ్యలో పోయే కరెంటుతో నా డెబ్భై స్లైడ్లను ఏం చేసుకోవాలి?

చూడటం లేదన్న అనుమానం రాగానే నేను చేసిన మొదటి పని, అందరూ కెమెరాలు ఆన్ చెయ్యాలని హుకుం జారీ చెయ్యడం. లేకపోతే అటెండెన్సు లేదన్నాను. ఒకరోజు ఒక అబ్బాయి కెమెరా ఆన్ చేస్తే వెనక పత్తిచేను కనిపించింది. వాడి మెడలో పత్తి ఏరే ఒడి కట్టి ఉంది, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. "క్లాసుకొచ్చావా, కూలికొచ్చావా?" అన్నాను అందరూ వింటుండగా. "రెండూ సార్" అన్నాడు. వెటకారంగా కాదు, అడిగినదానికి జవాబుగా. నవ్వులన్నీ మ్యూట్‌లోనే ఉన్నాయి గనక నాకు వినపడలేదు. మర్నాటినుంచి వాడు రాలేదు. నేనూ ఫోను చెయ్యలేదు. అటెండెన్సు షీటులో ఎర్రరంగు వేసి ఊరుకున్నాను.

ఇక్కడ ఇంకోటి ఒప్పుకోవాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే నేను అధ్యాపకుల కోసం పెట్టే ఆన్‌లైన్ శిక్షణ కార్యక్రమాలకు వరసపెట్టి రిజిస్టరు అయ్యేవాణ్ణి. ఐదురోజుల ఎఫ్‌డీపీ, వారంరోజుల వర్క్‌షాపు. కెమెరా ఆఫ్ చేసి, ఫోను టీవీ పక్కన ఆనించి, దోసె తింటూ హాజరయ్యేవాణ్ణి. చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారం లింకు వచ్చేది. పది ప్రశ్నలుంటే పదింటికీ "ఎక్సలెంట్" నొక్కేవాణ్ణి. సాయంత్రానికి మెయిల్లో ఈ-సర్టిఫికెట్. 2020లో మా స్టాఫ్‌రూములో ఎవరికెన్ని సర్టిఫికెట్లు వచ్చాయన్నది పెద్ద పోటీ. వాటిలో ఒకటి ఆన్‌లైన్‌లో విద్యార్థులను పాఠంలో నిమగ్నం చెయ్యడం ఎలా అన్న విషయం మీద. దానికి నాకు ఏ-గ్రేడు వచ్చింది. అందులో ఏం చెప్పారో ఒక్క ముక్క గుర్తులేదు.

ఆ సెమిస్టరు నడిమధ్యలో ఇంటర్నల్ మార్కుల కోసం గూగుల్ ఫారంలో ఒక క్విజ్ పెట్టాను. ఇరవై ప్రశ్నలు, నాలుగేసి ఆప్షన్లు. అరవైమంది క్లాసులో సగటు పద్దెనిమిది దాటింది. ఆ షీటును ప్రిన్సిపాల్‌గారికి చూపించాను. ఆయన దాన్ని స్టాఫ్ గ్రూపులో పెట్టి, మిగతావాళ్లూ ఇలా చెయ్యండి అన్నారు. నాలుగైదు బొటనవేళ్లు, రెండు దండాలు వచ్చాయి.

అదే రాత్రి ఒక అమ్మాయి వాట్సాప్ చేసింది: "సార్, 14వ క్వశ్చన్ నాది తప్పు అని వచ్చింది. ఎందుకో చెప్తారా?" నేను షీటు తెరిచి కూడా చూడలేదు. "చాప్టరు మళ్లీ చదువు" అని కొట్టి, ఫోను ఛార్జింగు పెట్టి పడుకున్నాను.

2021 ఫిబ్రవరి 1న కాలేజీలు తెరిచారు. మాస్కులతో, బెంచీకి ఇద్దరు చొప్పున కూర్చున్నారు. క్విజ్‌లో పద్దెనిమిది తెచ్చుకున్న క్లాసు కదా అని కాస్త దర్జాగానే వెళ్లి బోర్డు మీద రాశాను: షాపుకు ఐదువేలు పెట్టి ఫర్నిచర్ కొన్నారు, గుమాస్తా పొరపాటున దాన్ని పర్చేజెస్ ఖాతాకు డెబిట్ రాశాడు, సవరించండి. దోషాల సవరణలో ఇంతకన్నా తేలికైన లెక్క లేదు. క్విజ్‌లో ఇదే ప్రశ్నకు దాదాపు అందరూ సరైన జవాబు పెట్టారు. ఇప్పుడు పెన్నులు కదల్లేదు. ఒకరిద్దరు పక్కవాళ్ల పుస్తకంలోకి చూశారు, అక్కడా ఏమీ లేదు. కిటికీ పక్క కూర్చున్న కుర్రాడు చెయ్యెత్తి, చాలా మర్యాదగా, "సార్, ఆప్షన్లు ఇయ్యండి సార్" అన్నాడు.

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఇంకేం చెయ్యాలో తోచక.

ఆ రాత్రి క్విజ్ షీటు తీసి మొదటిసారి ప్రశ్నప్రశ్నకూ చూశాను. పద్నాలుగో ప్రశ్న ఇది: యజమాని తన ఇంటివాడకానికి రెండువేల సరుకు దుకాణంలోంచి తీసుకెళ్లాడు, ఏ ఖాతాకు క్రెడిట్? జవాబు పర్చేజెస్. అమ్మలేదు కదా, కొన్న సరుకులోంచి తగ్గింది, అంతే. కానీ కీ తయారుచేసేటప్పుడు నా వేలు జారి "సేల్స్" మీద పడింది. తప్పు కీ అది. ఆ తప్పు కీకి యాభై ఏడుమంది "సరైన" జవాబు పెట్టారు!

కాసేపటికి అర్థమైంది. ఫారం పంపిన వెంటనే మార్కులు, సరైన జవాబులు కనపడేలా సెట్టింగు నేనే పెట్టాను. మొదట పంపినవాడు స్క్రీన్‌షాట్ తీసి వాళ్ల గ్రూపులో పెట్టాడు. అది నేను లేని గ్రూపు. మిగతావాళ్లు దాన్ని చూసి ఎక్కించారు. తప్పు పెట్టిన ఇద్దరు ముగ్గురిలో ఒకళ్లు ఆ రాత్రి నాకు మెసేజి పెట్టిన అమ్మాయి. ఆ ప్రశ్నకు తన బుర్రతో జవాబు రాసిందని నేను కచ్చితంగా చెప్పగలిగింది ఆ అమ్మాయి ఒక్కదాని గురించే. చాప్టరు మళ్లీ చదవమని నేను చెప్పిందీ ఆ అమ్మాయికే.

మర్నాడు క్లాసులో కీ తప్పని చెప్పి, తనకు ఆ మార్కు కలిపాను. తరవాత వరండాలో కనపడితే, ఆ రోజే ఎందుకు గట్టిగా అడగలేదమ్మా అన్నాను. "చదివాను సార్. బుక్కులో పర్చేజెస్ అనే ఉంది. మీరు సార్ కదా, మీరు పెట్టిందే రైటేమో అనుకున్నా" అంది.

అకౌంట్స్ చెప్పేవాళ్లందరికీ ట్రయల్ బ్యాలెన్స్ గురించి తెలుసు. రెండు వైపులా మొత్తాలు సరిపోయినంత మాత్రాన పద్దులు సరైనవని అర్థం కాదు. ఫర్నిచర్‌ను సరుకు కింద రాసినా మొత్తాలు కలుస్తాయి, ఒక బిల్లు అసలు రాయకుండా వదిలేసినా కలుస్తాయి, ఒకచోటి తప్పును ఇంకోచోటి తప్పు కప్పేసినా కలుస్తాయి. ఏటా మొదటి సెమిస్టరులో నేను బల్ల గుద్ది చెప్పే పాఠమే అది. నా క్విజ్ అచ్చంగా అలాంటి ట్రయల్ బ్యాలెన్స్. నా తప్పు, వాళ్ల కాపీ ఒకదాన్నొకటి కప్పుకున్నాయి. నేనేమో మొత్తాలు చూసి మురిసిపోయాను.

ఇంత తెలిశాక బుద్ధి వచ్చిందని అనుకుంటారేమో, రాలేదు. నాకు వచ్చింది కోపం. మార్చి 24 నుంచి కాలేజీలు మళ్లీ మూతపడ్డాయి. ఈసారి పోలీసు అవతారం ఎత్తాను. ప్రశ్నల వరస ఒక్కొక్కరికీ మారేలా పెట్టాను, ప్రశ్నకు ముప్ఫై సెకన్లు, ఫోను పక్కన నిలబెట్టి చేతులు కనపడాలి. దొంగలు ఎలాగూ దొరకలేదు, రెండో ఫోను ఉన్నవాళ్లకు అదేం లెక్క? దొరికింది సిగ్నల్ సరిగ్గా లేనివాళ్లు. మధ్యలో నెట్టు పోయి తొమ్మిది ప్రశ్నల దగ్గర ఆగిపోయిన వాడికి తొమ్మిదే వేశాను. ఆ పరీక్ష ఫలితాలను చివరికి నేనే పక్కన పడేశాను. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికేం లేదు.

దారి చూపించింది ఒక కాగితం. అది మిర్చి సీజను. ఖమ్మం మార్కెట్‌లో మిర్చి అమ్మిన రైతుకు కమీషన్ వ్యాపారి ఇచ్చే తక్‌పట్టీ మీలో కొందరు చూసే ఉంటారు. ఎన్ని బస్తాలు, ఎంత తూకం, ధర, అందులో కమీషన్, హమాలీ, దడవాయి (తూకం కూలి) కోతలు, ముందు తీసుకున్న అప్పు ఉంటే దాని కోత, చివర చేతికిచ్చిన సొమ్ము. ఒక కుర్రాడు క్లాసుకు రాకపోతే ఫోను చేశాను. పత్తిచేను సంగతి తరవాత ఈ పాటి ఫోన్లు చెయ్యడం అలవాటు చేసుకున్నాను. "నాన్నతో యార్డుకొచ్చిన సార్, తక్‌పట్టీ రాయించుకుంటున్నం" అన్నాడు. ఆ కాగితం ఫొటో తీసి పంపి, దానికి జర్నల్ ఎంట్రీ రాయమన్నాను. నిజం చెప్పాలంటే ఏదో ఒక పని పెట్టాలని అన్నమాటే, ముందుచూపేమీ లేదు.

పంపాడు. పన్నెండు బస్తాలు, 4 క్వింటాళ్ల 80 కిలోలు, క్వింటాలు 13,000 చొప్పున 62,400 రూపాయలు. కమీషన్, హమాలీ, దడవాయి అన్నీ కలిపి 1,900 కోత. పాత అప్పు కింద 25,000 కోత. చేతికి 35,500. వాడు రాసిన ఎంట్రీ: నగదు ఖాతా డెబిట్ 35,500, అమ్మకాల ఖాతా క్రెడిట్ 35,500. కింద ఒక వాయిస్ మెసేజి: "నాన్న చేతికి వచ్చింది ఇంతే సార్, అందుకే ఇంతే రాసిన."

రెండు వైపులా కలిసింది. క్విజ్‌లో అయితే టిక్కు పడేదే. కానీ ఆ ఒక్క వాక్యం వినగానే వాడికి ఏది తెలుసో, ఎక్కడ ఆగిపోయాడో నాకు అద్దంలో కనపడ్డట్టు కనపడింది. వాడికి డెబిట్, క్రెడిట్ ఏ పక్క రాయాలో తెలుసు. అమ్మకం వేరు, చేతికొచ్చిన డబ్బు వేరు అని తెలియదు. వాడి అనుమతి అడిగి, పేరు, ఊరు కనపడకుండా చేసి ఆ కాగితాన్ని గ్రూపులో పెట్టాను. ఎప్పుడూ "ఎస్ సార్" తప్ప ఇంకో మాట పలకని గ్రూపు అది. పావుగంటలో ఒకమ్మాయి అడిగింది: "మరి ఆ పాతికవేల అప్పు తీరిందా, తీరలేదా? తీరితే ఎక్కడ రాశాడు?" ఇంకొకడు, "హమాలీ మన ఖర్చే కదా, అది కూడా రాయాలి" అన్నాడు. రాత్రి పదకొండింటికి వాళ్లే తేల్చారు: నగదు 35,500, అమ్మకపు ఖర్చులు 1,900, కమీషన్ వ్యాపారి ఖాతా 25,000, ఈ మూడూ డెబిట్, అమ్మకాలు 62,400 క్రెడిట్. నేను మధ్యలో రెండు ప్రశ్నలు అడగడం తప్ప ఏమీ చెప్పలేదు. చెప్పాలని నోరు చాలాసార్లు లాగింది, అది వేరే సంగతి.

అప్పటినుంచి అసైన్‌మెంట్ల తీరు మార్చాను. ప్రతివాళ్లూ ఇంట్లోంచో, వీధిలోంచో ఒక లెక్కల కాగితం తేవాలి. కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలో ఒక పేజీ, పాలకేంద్రం పాసుబుక్కు, మహిళా సంఘం పొదుపు పుస్తకం, ఎరువుల కొట్టు బిల్లు. దానికి ఎంట్రీలు రాసి, వాటిలో ఏదో ఒకటి ఎందుకలా రాశారో రెండు నిమిషాల వాయిస్ మెసేజిలో చెప్పాలి. ఏ భాషలోనైనా సరే. ఇంగ్లిష్ మీడియం పిల్లలు ఇంగ్లిష్‌లో రాసినంతసేపు పుస్తకంలోని వాక్యాలే రాస్తారు. "ఆ డబ్బు మనకు రావాలె గదా సార్, అందుకని డెబిట్" అని తెలుగులో అన్నప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. మార్కులు మూడింటికి: ఏ ఖాతా, ఎందుకు, ఇంకోలా రాస్తే ఏం తేడా వస్తుంది. ఆ మూడోది చెప్పగలిగినవాళ్లు తక్కువ. చెప్పినవాళ్లకు పాఠం వచ్చినట్టే లెక్క.

కాపీలు ఆగాయా? పూర్తిగా ఎలా ఆగుతాయి? ఇద్దరు పంపిన కిరాణా బిల్లు ఫొటోల్లో బిల్లులు వేరువేరు; కానీ కాగితాన్ని పట్టుకున్న బొటనవేలు ఒకటే, గోరు మీద అదే ఎర్ర నెయిల్ పాలిష్. పంపినవాళ్లలో ఒకడు మగపిల్లాడు. వాడికి ఫోను చేసి ఆ బిల్లు గురించే నాలుగు ప్రశ్నలడిగితే మూడింటికి చక్కగా చెప్పాడు. కాగితం అక్కది, లెక్క తనది. సరే పొమ్మన్నాను. ఎవరి కాగితమన్నది నాకు ముఖ్యం కాదని అప్పుడే నాకూ తేటపడింది.

దీనికి అయ్యే ఖర్చు కూడా చెప్పాలి, లేకపోతే ఇది గొప్పలు చెప్పుకోవడమే అవుతుంది. అరవైమంది రెండేసి నిమిషాలు మాట్లాడితే వినడానికే రెండు గంటలు. బదులు చెప్పడానికి ఇంకో గంట. నాలుగు సెక్షన్లున్న లెక్చరర్‌కు అది కుదిరే పని కాదు. నేను వారానికి ఇరవైమంది చొప్పున వంతులు పెట్టుకున్నాను. మిగతా నలభైమందికి క్లాసు మొదట్లో మూడు చిన్న ప్రశ్నలు, మార్కులు లేనివి. పోయిన వారం చెప్పిందాన్ని పుస్తకం చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసి, ఫొటో పెట్టాలి. ఇదేదో నా తెలివి కాదు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం ఒకటుంది. చిన్న పాఠం ఒకటి ఇచ్చి కొందరిని మళ్లీ చదవమన్నారు, కొందరిని చదివింది గుర్తున్నంత వరకు రాయమన్నారు. ఐదు నిమిషాల తరవాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచెయ్యి. వారం తరవాత అడిగితే వాళ్లకు గుర్తున్నది 42 శాతం, రాసి చూసుకున్నవాళ్లకు 56 శాతం. మా పిల్లలు రికార్డింగును రెండోసారి చూసి, అంతా వచ్చేసిందనుకోవడానికి కారణం ఆ మొదటి ఐదు నిమిషాలే. నాకైతే ఏ-గ్రేడు సర్టిఫికెట్టు కూడా అలాగే వచ్చింది.

మాట్లాడటానికి జంకేవాళ్లు, నత్తి ఉన్నవాళ్లు, ఇంట్లో పదిమంది మధ్య ఫోనులో పాఠం అప్పజెప్పలేని ఆడపిల్లలు ఉంటారని నాకు ముందు తట్టలేదు. ఒకమ్మాయి మేడమెట్ల మీద కూర్చుని గుసగుసగా పంపిన మెసేజిలో సగం గాలి చప్పుడే. వాళ్లకు చేత్తో రాసి పంపొచ్చని చెప్పాను. చెప్పడానికి ఒక నెల పట్టింది, ఆ నెలలో వాళ్లు పోగొట్టుకున్న మార్కులు మళ్లీ వేశాను.

తరవాత ఒక వేసవిలో ఎన్‌పీటెల్‌లో నేనే విద్యార్థిగా చేరాను. అవతలి ఒడ్డున నిలబడితే ఎలా ఉంటుందో చూద్దామని. ఐఐటీ ప్రొఫెసర్లు చెప్పే పన్నెండు వారాల కోర్సు అది. వారం వారం అసైన్‌మెంటు ఉంటుంది, వాటిలో బాగా చేసిన ఎనిమిదింటి సగటుకు 25 శాతం. చివర సెంటరుకు వెళ్లి రాసే పరీక్షకు 75 శాతం. మూడో వారానికల్లా నేనేం చేస్తున్నానో గమనించాను. అసైన్‌మెంటు ముందు తెరిచి, దానికి జవాబు వీడియోలో ఎక్కడుందో ఒకటిన్నర రెట్లు వేగంతో వెతుకుతున్నాను, గడువు ముగిసే రాత్రి. యాభై దాటినవాణ్ణి, పైగా లెక్చరర్ని. అయినా చివరి పరీక్షకు 75 శాతం పెట్టి, ఎదురుగా కూర్చోబెట్టి రాయించడం వల్ల కోర్సు పూర్తయ్యే లోపు ఒకసారి బుద్ధిగా చదవక తప్పలేదు. ఆ పద్ధతిలో నాకు కనపడే లోటు ఒకటే: నాకేం రాలేదో చివరిరోజు దాకా ఎవరికీ తెలియదు, నాతో సహా.

దూరవిద్యలో ఇదంతా కొత్త సంగతేం కాదు. 1982లో హైదరాబాదులో మొదలై ఇప్పుడు అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అయిన సంస్థ దేశంలోనే మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ. పుస్తకాలు పోస్టులో పంపి ఊరుకోలేదు వాళ్లు. ఊరూరా స్టడీ సెంటర్లు పెట్టి ఆదివారాలు క్లాసులు నడిపారు. మా మేనమామ కండక్టర్ ఉద్యోగం చేస్తూ అలాగే బీఏ చేశాడు. పుస్తకం ఇంట్లో చదివినా ఆదివారం సార్‌ను అడగడానికి రెండు సందేహాలు రాసి పెట్టుకునేవాడు. మేం ఆన్‌లైన్‌కు మారినప్పుడు ఆ అనుభవం ఉన్నవాళ్లను ఒక్కమాట అడిగిన పాపాన పోలేదు. యూట్యూబర్లను చూసి రింగ్ లైట్లు కొన్నాం.

ఇప్పుడు నేను ఆదివారాలు ట్యాలీ, జీఎస్టీ మీద ఒక ఆన్‌లైన్ బ్యాచ్ నడుపుతున్నాను. కొట్లలో గుమాస్తాలు, డిగ్రీ అయిపోయిన పిల్లలు, షార్జాలో, దుబాయ్‌లో స్టోర్ కీపర్లుగా చేస్తున్న మనవాళ్లు ఇద్దరు ముగ్గురు. 2022 నవంబరు ఆఖర్లో చాట్‌జీపీటీ వచ్చాక రాసి పంపే అసైన్‌మెంట్లన్నీ ఒక్కసారిగా నున్నగా, తప్పుల్లేకుండా, ఎవరు రాశారో పోల్చుకోలేనట్టు తయారయ్యాయి. దాని గురించి నేను పోలీసు అవతారం ఎత్తలేదు. రాసింది ఎవరైనా రాయనీ, దాని మీద మూడు నిమిషాలు ఫోనులో మాట్లాడాలి. అలా మాట్లాడించడం వల్ల కొందరు మానేశారు కూడా. బ్యాచ్‌లో చేరినవాళ్లలో సగానికి సగం మూడోవారానికల్లా జారిపోవడం ఇప్పటికీ ఉంది. వరసగా రెండు క్లాసులు రాకపోతే ఫోను చేస్తాను. కొందరు తిరిగి వస్తారు. కొందరు నంబరు చూసి ఎత్తరు, ఫీజు అడగడానికి అనుకుంటారో ఏమో.

పోయినవారం ప్రశ్న ఇది: ఖమ్మంలో బట్టలకొట్టు ఉన్న వ్యాపారి విజయవాడ హోల్‌సేల్ వ్యాపారి దగ్గర లక్ష రూపాయల సరుకు కొన్నాడు, బిల్లులో ఏ పన్ను పడాలి? 2014 తరవాత అది వేరే రాష్ట్రం గనక ఐజీఎస్టీ. అందరూ అదే రాశారు, యంత్రం కూడా అదే రాసి ఉంటుంది. ఒక గుమాస్తా మాత్రం ఫోనులో ఇలా అడిగాడు: "సార్, మా సేటు విజయవాడకు తనే పోయి, కౌంటరు దగ్గర డబ్బు కట్టి, కారు డిక్కీలో వేసుకుని వస్తాడు. అక్కడివాడు ఇదే ఊళ్లో అమ్మినట్టు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేసి ఇచ్చాడు. నేను ట్యాలీలో ఎట్ల ఎక్కియ్యాలె?" నా ప్రశ్నలో సరుకు ఎవరు మోసుకొచ్చారన్నది లేనే లేదు. సరుకు రాష్ట్రం దాటి కొన్నవాడి కొట్టుకు చేరుతున్నప్పుడు మోసింది కొన్నవాడే అయినా ఐజీఎస్టీయే పడాలి. ఆ బిల్లు మార్పించుకోవాలి, లేకపోతే ఆ పన్ను తెలంగాణలో సర్దుబాటుకు రాదు. అతనికి ఆ ముక్క చెప్పి, బిల్లు ఫొటో పంపమన్నాను. కొట్టు పేరు, జీఎస్టీ నంబరు కనపడకుండా చేసి వచ్చే ఆదివారం క్లాసులో మొదట దాన్నే పెడుతున్నాను, ఆప్షన్లు లేకుండా.